తొలి నూనె

ఉప్పలు ప్రాంతమున యువకులు సెలవుదినములయందు రంగుగుండ్ల తుపాకులు చేతబట్టి ఉత్తుత్తి యుద్ధములు చేయుచున్నారనియు, ఆ క్రొత్త వినోదమును స్వయముగా చూచి నాలుగు పుటలు వ్రాసి పంపవలసినదనియు సంపాదకమహాశయులు కోరినప్పుడు, యుద్ధమన్నది ఉత్తుత్తిదైనను నాకంతగా రుచింపని విషయమగుటచేత మొదట వెనుదీసితిని గాని, వారితో నాకు గల చిరకాలస్నేహము నా అరుచికంటె బలీయమైనది. వారు కోరినది ఆటను గూర్చిన వ్యాసము. ఆట ముగిసిన పిదప ఆ తుపాకులు చేరుకొను నాచారపు రేకుల షెడ్డొకటి నా దినమంతయు హరించుటవలన, నేను పంపుచున్నది ఆ షెడ్డును గూర్చిన వ్యాసము. ప్రచురింతురో, బుట్టదాఖలు చేయుదురో వారి యిష్టము.

ఆటస్థలమును గూర్చి చెప్పవలసినది స్వల్పము. ప్రహరీగోడ నడుమ కొంత ఖాళీనేల, పాతటైర్ల దొంతరలు, ఇసుకమూటలు, రంగుమరకలతో గుర్తుపట్టరాకుండ పోయిన ఇనుపడ్రమ్ములు, చుట్టును ఎత్తైన వల. ఏదో కార్యాలయపు ఉద్యోగులు ముఖమంతయు కప్పు ముసుగులు ధరించి, రెండు పక్షములుగా చీలి, టైర్ల చాటునుండి ఒకరినొకరు కొట్టుకొని, తమ చొక్కాలపై పడిన నీలి, పసుపు మరకలను చూచుకొని మురియుచుండిరి. అంతమాత్రమే యైనచో నేను గడియలో ఇల్లు చేరియుందును. కాని టిక్కెట్ల గది వెనుక, ఆ స్థలమును నడుపు యువకుడు ఫోనులో ఎవరితోనో పెట్టుకొనుచున్న మొర నా చెవిని బడెను.

"కొత్తయి కాకా, డబ్బా ఇప్పి నెల గాలే. నాలుగు లీకైతున్నయి, రెండు గుండ్లు నములుతున్నయి, ఒకటైతే ట్రిగ్గర్ ఇడిసినా ఆగుతలేదు. కంపెనోడు మోసం జేసిండు."

తుపాకి గుండును నములుటయన నేమో తెలిసికొనవలెనను కుతూహలము నన్ను వదలలేదు. ఆతని అనుమతితో, రెండు గోనెసంచులును, వాటిని ఒడిలో పెట్టుకొనిన పనికుర్రవాడును ఉన్న ఆటోలో మిగిలిన సందున నేనును ఒదిగి కూర్చుంటిని. నాచారము దూరమేమియు కాదు. దారిపొడవునను ఫంక్షన్ హాళ్లు, సరకుల గోదాములు, అపార్టుమెంట్ల ప్రకటనలు. వాటి నడుమ అక్కడక్కడ మాత్రమే, ఇది పారిశ్రామికవాడ సుమా యని హెచ్చరించుచున్నట్టి పొగగొట్టములును, ఔషధకర్మాగారముల ఘాటైన వాసనయును. ఆయుధముల నటన ఈ ఊరికి క్రొత్త కాదు. నందమూరి తారకరామారావుగారు నెలకొల్పిన రామకృష్ణా హార్టికల్చరల్ స్టూడియో ఈ నాచారముననే యున్నది. కొయ్యగదలు, అట్టకత్తులు చిత్రసీమలో నిత్యకృత్యములే. అయితే కొయ్యగదకు లోపల చెడునది యేదియు లేదు. నేను చూడబోవు ఆయుధము నటించుచునే నిజముగా పేలునట్టిది.

షెడ్డనగా నాలుగు రేకులు, ఒక లేతు, ఒక డ్రిల్లింగు యంత్రము, గోడమీద విశ్వకర్మ పటము, కిటికీదగ్గర వెలుతురు పడుచోట మందమైన టేకుబల్ల. దాని వెనుక కూర్చున్న మేస్త్రికి అరువది దాటియుండును. సంచి విప్పకమునుపు ఆయన యడిగిన ప్రశ్న యేమి చెడినదని కాదు, "సిలిండర్లు తీసినవా?" అని. తీసితినని, వెంట వచ్చిన ఆటస్థలపు యజమాని చెప్పినను నమ్మక, ఒక్కొక్క తుపాకినే చేతనెత్తి, గొట్టమును నేలవైపు వంచి, ట్రిగ్గరు నొక్కి, లోపల నిలిచిన వాయువు తుస్సుమని వెడలిపోవు చప్పుడు తన చెవులార వినిన పిమ్మటనే బల్లమీద పెట్టెను. ఆ వరుస ముగియు వరకు ఆయన ఎవరితోను మాటాడలేదు. తరువాత మొదలైనది విచారణ.

"నూనె ఏసినవా తమ్మీ?"

"ఏసినం కాకా, రోజు ఏస్తున్నం."

"ఏం నూనె?"

యజమాని పనికుర్రవాని వైపు చూచెను. పనికుర్రవాడు నేలవైపు చూచెను. కొబ్బరినూనె యని తేలినది.

"నెత్తికి పెట్టుకునేది దీంట్ల పోసిండ్రు," అని మేస్త్రి నాతో ఫిర్యాదు చేసినట్లుగా అనెను. నవ్వు రాలేదనజాలను గాని, ఆయన వాల్వును ఊడదీసి చూపిన పిమ్మట నాకు నవ్వు నిలువలేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దరిదాపులనే గడ్డకట్టునను సంగతి మనకు శీతకాలపు ఉదయములందు అనుభవమే. తుపాకిలో సీసానుండి వెలువడు బొగ్గుపులుసు వాయువు ఒక్కుమ్మడిగా వ్యాకోచించునప్పుడు చుట్టునున్న లోహమును చల్లబరచును. బయట వైశాఖమైనను వాల్వులోపల మాఘమే. ఆ చలికి నూనె పేరుకొని, తెల్లని పొరయై, ఓరింగను రబ్బరుచుట్ట కదలవలసిన గాడిలో మైనమువలె అంటుకొనియుండెను. కొబ్బరినూనె వేసినవాడు నిర్లక్ష్యముచేత వేయలేదు, శ్రద్ధచేతనే వేసెను. ఏ నూనె వేయవలెనో ఆతనికెవరును చెప్పలేదు. సన్నని యంత్రపునూనె, రబ్బరుకు హాని చేయనట్టిది, నాలుగైదు చుక్కలు, సీసా బిగించు మూతిలో వేసినచో చాలును. తుప్పు వదలించుటకు కొట్టు స్ప్రేలు పనికిరావు, వాటిలోని ద్రావకములు ఓరింగులను చెరచును. ఇంతమాత్రపు విద్య.

ఈ తుపాకి నడకను కొంత తెలిసికొనిననే గాని మేస్త్రి చిరాకు మనకర్థము కాదు. వెనుకభాగమున ఒక ఉక్కుదిమ్మ బలమైన స్ప్రింగును అదిమి పట్టి, ఒక కొక్కెమునకు తగులుకొనియుండును. ట్రిగ్గరు లాగినంతనే కొక్కెము విడువగా, ఆ దిమ్మ ముందునకు దూకుచు, తనకు కడ్డీతో జతపడిన బోల్టుచేత రంగుగుండును గొట్టములోనికి నెట్టించి, అదే ఊపున వాల్వును తాకి తెరచును. వెలువడిన వాయువు రెండు పాయలై, ముందుపాయ గుండును తరుమగా వెనుకపాయ ఆ దిమ్మనే మరల వెనుకకు త్రోసి కొక్కెమునకు తగిలించును. ఒక్క ఊపిరిని రెండు పనులకు పంచుకొని బ్రతుకు ఈ యంత్రమున, దిమ్మకును బోల్టుకును వాల్వుకును చుట్టియుండు రబ్బరు ఓరింగులే న్యాయాధిపతులు. అవి మితిమీరి బిగిసియున్నచో దిమ్మ కొక్కెము వరకు పోలేక, సగముదారినుండి మరల ముందుకురికి, ట్రిగ్గరు విడిచినను తడతడ కొట్టుకొనుచునే యుండును. అట్లు ముందుకురికిన బోల్టు, గుండు పూర్తిగా దిగకమునుపే వచ్చి తాకినచో దానిని చిదిమివేయును. నములుట యనగా నిదియే. ఓరింగు అరిగియో, పగిలియో యున్నచో గాలి కారును. యజమాని చెప్పిన మూడు రోగములకును మూలము ఆ చేతివ్రేలి ఉంగరమంతయైనను లేని రబ్బరుచుట్టలలోనే కలదు.

"కంపెనోడు జేసింది సగమే తమ్మీ," అని మేస్త్రి అనెను. "మిగిలిన సగం కొన్నోడు జెయ్యాలె. అది జెయ్యకుండ వాని మీద మన్ను పోస్తె ఎట్ల?"

ఈ మిగిలిన సగమును ఆయన ఒక తుపాకిపై చేసి చూపెను. దానిని చూచుటకే నేను వచ్చితినేమో యని నాకిప్పటికిని తోచుచున్నది. అలెన్ కీతో మరలు విప్పి, రెండు చిప్పలుగా తెరచి, భాగములను తీసిన వరుసలోనే పాత ధోవతిగుడ్డపై పరచెను. కర్మాగారమునుండి వచ్చునప్పుడు పూసియుండు గ్రీజును మెత్తనిగుడ్డతో తుడిచివేసెను. తరువాత ఓరింగులను తీయుటకు ఇనుపసూదిని ముట్టక, కొనను చెక్కిన వేపపుల్లను అందుకొనెను; ఇనుము గాడిని గీరును, ఆ గీరులోనుండియే రేపు గాలి కారును. ఒక్కొక్క ఓరింగును బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ త్రిప్పుచు, కన్నులు మూసికొని, అచ్చులో పోతపోసినప్పుడు మిగిలిపోయిన సన్నని అంచు ఎక్కడనైన తగులునాయని వెదకెను. ఆ వ్రేళ్లను నేను తదేకముగా చూచుచుంటిని. గీతలలో నలుపు ఇంకిపోయి, కొనలు బండబారియున్న ఆ వ్రేళ్లు వెండ్రుకకంటె సన్నని ఎత్తును పట్టుకొనుట నేను నమ్మలేకయుండగా, ఆయన నా చేతికి రెండు ఓరింగులనిచ్చి ఏది మంచిదో చెప్పుమనెను. నాకు రెండును సమానమే. "కాలే," అని ఆయన ఒకదానిని చెత్తడబ్బాలో పారవైచెను.

దిమ్మ జరుగు దారిలో లోహపు పొక్కులున్నచోట తడిపిన సన్నరకపు ఎమరీ కాగితముతో నాలుగు మారులు మాత్రమే నిమిరి, తుడిచి, నూనె రాచి, భాగములను కూర్చి, మరలను ఒక్కొక్కటే బిగింపక ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించెను. అటుపై సీసా మూతిలో చుక్కలు వేసి, సీసా నెమ్మదిగా త్రిప్పి ఎక్కించి, గుండ్లు లేకయే రెండు డజన్ల దెబ్బలు, ఒక్కొక్క దెబ్బకు ఊపిరి తీసికొనునంత ఎడమిచ్చి, కొట్టెను. వాయువే నూనెను లోపలి సందులన్నిటికిని మోసికొనిపోవును. పిమ్మట గుండ్లతో, అదియును తొందర లేకుండ, వందల లెక్కన. మొదటి కొన్ని వందల దెబ్బలలో ఓరింగులు తమ గాడులలో కుదురుకొనుచు, వాల్వు ముఖము తన పీఠముపై ఒదుగుచు నుండుటచేత గుండు వేగము స్థిరముగా నుండదు. ఉదయము చూచినది సాయంకాలము మారును. అందుచేత వేగము చూచి, దానిని సరిచేయు మర త్రిప్పుట, మరికొన్ని దెబ్బలు కొట్టుట, మరల చూచుట. మొదటిదినము ముగిసిన వెంటనే మరల విప్పి, నల్లబడిన నూనెను తుడిచి, క్రొత్తనూనె వేయుట. 2005 మొదలు అంతర్జాతీయపు పోటీలు జరుగుచున్న ఉప్పలు స్టేడియము దరిని పెరిగిన యే కుర్రవాడైనను, క్రొత్తబ్యాటు కొనిన మరునాడే దానిని గట్టిబంతికి చూపడు. అవిసెనూనె పట్టించి, కొయ్యసుత్తితో దినములకొలది తట్టి, పీచు గట్టిపడిన తరువాతనే క్రీజులోనికి తీసికొనిపోవును. కొయ్యపలకపై చూపు ఆ ఓర్పు, దానికి ఎన్నిరెట్లో వెలపెట్టి కొనిన యంత్రముపై చూపుటకు మనకు మనసొప్పదు. డబ్బా విప్పిన దినముననే ఇరువదిమంది ఉద్యోగుల చేతికిచ్చి, సాయంకాలము వరకు కొట్టించి, లీకైనచో కంపెనీవాడు మోసగాడనుట!

ఈ సాధనము పుట్టుక యుద్ధమునకు సంబంధించినది కాదను సంగతి నాకు కొంత ఊరటనిచ్చినది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు నెల్సన్ అను రంగులసంస్థ, నరుకవలసిన చెట్లపైనను, మందనుండి వేరుచేయవలసిన పశువులపైనను దూరమునుండియే గుర్తువేయుటకై, డెయిజీ అను గాలితుపాకుల సంస్థచేత 1970 దశకపు ఆరంభమున దీనిని చేయించెను. 1981 జూన్ 27వ తేదీన న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున హెన్నికర్ అను ఊరి అడవిలో పన్నెండుగురు మిత్రులు దానితో తొలిసారి పందెమాడిరి. జెండాలు సేకరించుకొని రావలసిన ఆ పందెమున గెలిచినవాడు రిచీ వైట్ అను అడవిపనివాడు. ఆతడొక్క గుండైనను పేల్పలేదట. ఈ ఆట చరిత్రయంతటిలో నాకు నచ్చిన ఘట్టమిది యొక్కటియే. ఇక అద్దె ఆటస్థలములలో లోకమంతట వ్యాపించిన 98 కస్టమ్ అను తుపాకిని 1998లో తెచ్చిన టిప్‌మన్ కుటుంబమువారు, మొదట మరతుపాకుల అర్ధప్రమాణపు నమూనాలు చేసి అమ్ముచు, 1986లో వచ్చిన చట్టము ఆ వ్యాపారమునకు అడ్డురాగా ఇటు మళ్లినవారు. మేస్త్రి బల్లపై నున్న దిమ్మ, కడ్డీ, వాల్వుల పొందిక ఆ కుదురునకు చెందినదే.

ఇండియానా రాష్ట్రమున, మంచు కురియు ఊరిలో వ్రాయబడిన టిప్‌మన్ వారి వాడుకపుస్తకములు చలిని గూర్చి చక్కగా హెచ్చరించును. చలిలో బొగ్గుపులుసు వాయువు చాలినంత ఒత్తిడినీయదు, ద్రవముగనే తుపాకిలోనికి జొరబడును, జాగ్రత్త అని. నాచారపు మే నెలను గూర్చి ఆ పుస్తకములకేమి తెలియును? ఆ వాయువు సీసాలో ద్రవముగా నుండి, 21 డిగ్రీల వేడిమిలో చదరపు అంగుళమునకు 850 పౌనుల ప్రాంతపు ఒత్తిడిని చూపును. 31 డిగ్రీలకు అది 1070 ప్రాంతమున నుండును. అటుమీద ద్రవమనునదే యుండదు; ఆ హద్దునే శాస్త్రమున సందిగ్ధోష్ణోగ్రత యందురు. సీసాలో ఎంత సరకు నింపితిమను దానిని బట్టి ఒత్తిడి ఎగబ్రాకుచునే పోవును. మనకు ఎండకాలమున 40 దాటుట వింత కాదు. ఉదయము ఏడుగంటలకు చల్లపూట వేగము సరిచూచి మర బిగించిన తుపాకి, మధ్యాహ్నము రెండుగంటలకు అదే తుపాకి కాదు. 17 మిల్లీమీటర్ల వ్యాసము, మూడు గ్రాముల తూకము గల ఆ గుండు సెకనుకు 300 అడుగులకు, అనగా 91 మీటర్లకు మించరాదని ఆటవారి కట్టుబాటు; చాల స్థలములలో దానికంటె తక్కువకే కట్టుదురు. ఆ హద్దు మీరినచో ముసుగు అద్దమునకును, కంటికిని నడుమనున్న భద్రత పలుచనగును.

"పొద్దుగాల జూసి మాపటిదాంక అదే అనుకుంటరు," అని మేస్త్రి. "మా తాన ఎండల జూడాలె. ఎండ ఎక్కినంక మళ్ల జూడాలె."

ఈ ఒక్క వాక్యము ఏ వాడుకపుస్తకమునను నేను చదువలేదు. ఎండలో నిలిపిన కారులో సీసాలు వదలిపోవు అలవాటును గూర్చి ఆయన యజమానిని మందలించిన తీరు ఇక్కడ వ్రాయదగినది కాదు. సీసాపై 54 డిగ్రీలకు మించనీయరాదని ముద్రించియుండుట మాత్రము నిజము, మూసిన కారు మన ఎండలో ఆ హద్దును చేరుటయు నిజమే. ప్రతి సీసాకును, దాని ఇత్తడి వాల్వుకును అడ్డముగా ఎఱ్ఱని గీత యొకటి ఉండుట చూచి అడిగితిని. గోళ్లరంగు! కూతురిది కాబోలు. ఎవరైనను పొరపాటున సీసాకు బదులు వాల్వును త్రిప్పినచో ఆ గీత విరిగి కనబడును. వాల్వూడిన సీసా ప్రాణములు తీయగలదు. పెద్దస్థలములవారు వాడు సంపీడితవాయువు సీసాలలో 200 బార్ల ఒత్తిడి యుండును. వాటి నింపుమూతివద్ద చుక్కనూనెయైనను తగులనీయరాదనియు, ఒక్కసారిగా కుదింపబడిన గాలి వేడెక్కి ఆ నూనెను మండించుననియు ఆయన పనికుర్రవానికి రెండు మారులు చెప్పి, వానిచేత మూడవమారు చెప్పించెను.

గుండ్ల సంగతి వేరే శాస్త్రము. వానిని చేయు పద్ధతి మందుమాత్రలది. చేపనూనె నింపిన మెత్తని జెలటిన్ మాత్రలను చేయు ఆర్.పి. షెరర్ సంస్థయే మొదటి రంగుగుండ్లను చేసినది; నేటి గుండ్లకు పైతొడుగు జెలటిన్, లోపలిది నీటిలో కరగిపోవు పాలీ ఇథిలీన్ గ్లైకాల్, రంగు. ఔషధకర్మాగారముల వాసన నిండిన ఈ వాడలో ఆ సంగతిని ఎవరును ఆశ్చర్యముగా వినరు. జెలటిన్ ఎండకు మెత్తబడును, వానకాలపు చెమ్మకు ఉబ్బును. ఉబ్బిన గుండు గొట్టములో ఇరుకుకొని పగులును. తప్పు తుపాకిపై పడును. మేస్త్రి గొట్టమును విడదీసి, గుండునొకదానిని అందులో జారవిడిచెను. అది జారిపోక నిలిచినది. నోట ఊదెను. అలవోకగా వెడలినది. ఊదకయే జారిపోయినచో చిన్నది, ఎంత ఊదినను కదలనిచో పెద్దది. ఈ పరీక్షకు కరెంటు అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. ఆట ముగిసిన తరువాత తడిగుడ్డతో తుడిచి, గొట్టములో పుల్లగుడ్డను లాగి, ఉక్కుభాగములపై తడి నిలువకుండ ఆరబెట్టి, చుక్కనూనె వేసి, స్ప్రింగు వదులుగా నుండునట్లు కొక్కెము విడిచి, సీసా వేరుగా పెట్టుటకును ఆ రెండును అక్కరలేదు. కావలసినది గంటసేపు ఒక మనిషి.

ఆ మనిషి ఎక్కడ? ఆటస్థలపు లెక్కపుస్తకములో తుపాకుల ఖరీదు కలదు, గుండ్ల ఖరీదు కలదు, శనివారపు డీజే పాటలకిచ్చు బాడుగ కలదు. సంరక్షణకు పద్దు లేదు. పనికుర్రవాడు టిక్కెట్లు చింపును, ముసుగులు కడుగును, నేల ఊడ్చును, మిగిలిన సమయమున, మిగిలినచో, తుపాకులను చూచును. ఇది ఒక ఆటస్థలపు దోషమే యైనచో నేనింత సిరా వెచ్చింపను. బోరుబావి మోటారు మొదలు పాఠశాలలోని ప్రయోగశాల త్రాసువరకు, మన జాతికి వస్తువును కొనునప్పుడొక ఉత్సవము, చెడినప్పుడొక శోకము. నడుమనుండు వేయిదినములకు పేరు లేదు. దసరాకు ఆయుధపూజ చేయుదుము కదా యందురేమో. దానికి సమాధానము బల్లమీదనే యున్నది. సంచిలో పాతతుపాకి యొకటి ఉండెను. దాని బోల్టును లాగి మేస్త్రి నాకు చూపెను. నూనెలో కలిసి ఎఱ్ఱని బురదయైన కుంకుమ స్ప్రింగుచుట్టలలో ఇంకను మెరయుచుండెను.

"పోయిన దసరాకు పూజ జేసిండ్రు సార్. పైన బొట్టు పెడితె నేనేమంట? లోపల పోసిండ్రు."

ఆయన దైవభక్తి లేనివాడు కాడు. విశ్వకర్మ పటమునకు వాడని పూలమాల యుండెను. ఆ పటమునకు దూరముగా, నూనెమరకలు లేనిచోట, పెట్టెలో పెట్టుకొనిన మైక్రోమీటరును ఆయన నాకు చూపినప్పుడు మాత్రము గొంతులో గర్వము తొంగిచూచెను. యౌవనమున మౌలాలిలోని హెచ్.ఎం.టి. బేరింగుల కర్మాగారమున పని నేర్చినవాడట. మిల్లీమీటరులో వెయ్యవవంతును నిత్యము కొలిచిన కన్నులవి. 1943లో సికిందరాబాదున ప్రాగా టూల్సు, 1968లో బాలానగరమున కేంద్ర టూల్ డిజైన్ సంస్థ, మౌలాలిలో బేరింగులు, ఇవి యన్నియు కలిసి ఈ నగరపు తూర్పుపడమరలందు ఒక తరమును మైక్రానులలో ఆలోచించునట్లు తీర్చిదిద్దినవి. బేరింగుల కర్మాగారమును మూసివేయుటకు 2016లో కేంద్రమంత్రివర్గము ఆమోదించెను. నాచారమున హెచ్.ఎం.టి. నగరమని కాలనీ పేరు మిగిలినది. ఆ విద్య మిగిలిన చేతులు ఇట్లు ఆటవస్తువుల ఓరింగులను సరిచూచుచున్నవి. ఆటవస్తువులని నేను తక్కువచేసి యనుటలేదు. వానిని చూచుటకైనను ఆ చేతులున్నవి. రేపు ఇన్సులిన్ పంపునో, అగ్నిమాపకపు సీసానో పట్టుకొని మనమీ వీధికి వచ్చునప్పటికి ఈ షెడ్డు స్థానమున ఫంక్షన్ హాలుండునేమో యని నా భయము. షెడ్డు బాడుగ ఏటేట పెరుగుచున్నదని ఆయన చెప్పెను, ప్రక్కనున్న రెండు షెడ్లు ఇప్పటికే కొరియరు గోదాములైనవి.

అట్లని మేస్త్రిపక్షమే పూర్తిగా వహింపజాలను. ఇంతటి జ్ఞానమును ఆయన ఒక్క కాగితముపైనను పెట్టలేదు. ఏ తుపాకికి ఎన్ని గుండ్ల పిదప ఏ ఓరింగు మార్చితిరని అడిగినచో, "చేతికి తెలుస్తది సార్," అనును. చేతికి తెలిసినది చేతితోనే పోవును గదా యని నేను కొంత కఠినముగానే వాదించితిని. ఆయన నొచ్చుకొనక, వాడుకపుస్తకమును చూపెను. అది టీగ్లాసుల క్రింద నుండెను. ఆంగ్లము. "ఇది రాసినోడు మంచిగనే రాసిండు, బొమ్మలు జూస్త. సదివేటోళ్లు ఇప్పరు, ఇప్పేటోళ్లు సదవరు," అనెను. దీనికి నాయొద్ద సమాధానము లేకపోయెను. తెలుగులో ఉన్నతవిద్యకు పాఠ్యగ్రంథములు రావలెనని 1968లో తెలుగు అకాడమిని స్థాపించుకొంటిమి. భౌతికశాస్త్రము తెలుగున చదువుకొనవచ్చును, సందిగ్ధోష్ణోగ్రత యనగా నేమో తెలుగున పరీక్ష వ్రాయవచ్చును. ఆ 31 డిగ్రీల సంగతి ఈ పనికుర్రవాని చేతిలోని సీసాకు సంబంధించినదేయని చెప్పు పది పుటల పుస్తకము మాత్రము తెలుగున లేదు. బొమ్మలతో, పెద్దయక్షరములతో, నూనెచేతితో పట్టుకొనినను చినుగని కాగితముపై అట్టిదొకటి అచ్చువేయుట ఏ పారిశ్రామికవాడ సంఘమునకు భారము? తుపాకికొక్కటే కాదు, పంపుసెట్టుకు, కంప్రెసరుకు, కుట్టుమిషనుకు.

యజమాని ఈ వాదములో పాల్గొనక ఫోను చూచుకొనుచుండెను. బిల్లు వ్రాయువేళ ఆతడు మేల్కొనెను. ఓరింగులకు ఖరీదు ఒప్పుకొనెను, కూలికి ఒప్పుకొనెను, నూనెసీసా దగ్గర బేరమాడెను. అంత చిన్నసీసాకు అంత ధరయా యని. మేస్త్రి బేరమున దిగలేదు. సీసాను ఉచితముగనే ఇచ్చెదననియు, అయితే ఈ కుర్రవాడు తన యెదుట ఒక తుపాకిని తానే విప్పి, తుడిచి, బిగించి చూపిననే గాని సంచి గుమ్మము దాటదనియు చెప్పి, ధోవతిగుడ్డను ఆవలివైపునకు త్రిప్పి పరచెను.

కుర్రవాడు బల్లముందు కూర్చుండెను. మొదటిమర విప్పునప్పుడు చేయి వణకినది, మూడవదానికి కుదుటపడినది. ఓరింగును వేపపుల్లతో లేపునప్పుడు నాలుక కొన పంటికి పట్టుకొని, మేస్త్రి చేసినట్లే కన్నులు మూసికొని త్రిప్పి చూచెను. ఏమి తెలిసినదో వానికే తెలియవలెను. చిప్పలు రెండును మూసి, మరలు ఎదురెదురుగా బిగించి, తలయెత్తి నవ్వెను. గుడ్డపై చిన్న స్ప్రింగొకటి మిగిలియుండెను.

"ఇప్పు," అని మేస్త్రి.

"కాకా, నాలుగింటికి బ్యాచ్ ఉన్నది. ముప్పైమంది, అడ్వాన్సిచ్చిండ్రు," అని యజమాని.

"ఆగుతరు. ఇప్పురా నువ్వు."